పప్పు నీళ్లు పోసిన రేడియేటర్

పోయిన ఆదివారం పొద్దున వనపర్తిలో మా ఇంటి ముందు ఉన్నవి ఇవి: అక్క నడిపే బడి వ్యాను, బానెట్ ఎత్తి, దాని పక్కన అట్టపెట్టెలో కొత్త రేడియేటర్, పరిచిన గోనెసంచి మీద చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసగా స్పానర్లు, పాత నీళ్లు పట్టడానికి వెడల్పాటి టబ్బు, ఇంజనును చల్లగా ఉంచే ఆకుపచ్చ కూలెంట్ డబ్బాలు. ఉన్నవాళ్లం: నేను, అక్క, అరుగు మీద కుర్చీ వేసుకుని నాన్న, వంటింటికీ వాకిలికీ మధ్య తిరుగుతున్న అమ్మ, అక్క వచ్చిందని తెలిసి పలకరించడానికి వచ్చిన మా ఊరి పిల్ల ఒకామె. పిల్ల అంటున్నాను గానీ ఆమె ఇప్పుడు ఇక్కడి దవాఖాన ల్యాబులో ఉద్యోగి. మా ఊళ్లో మాత్రం ఆమెను ఈనాటికీ గొంగడి తాత మనవరాలనే అంటారు.

జాబితా అంతటితో అయిపోయిందనుకుని స్పానరు అందుకున్నాను. అప్పుడు అమ్మ లోపలి నుంచి ఒక స్టీలు బిందె తెచ్చి ముందు చక్రం పక్కన పెట్టి వెళ్లిపోయింది. బిందె మూతికి తెల్లగుడ్డ కట్టి ఉంది. ఈ కాలపు రేడియేటర్‌కు నీళ్లతో పని లేదు, కూలెంట్ కలిపిందే డబ్బాల్లో వస్తుంది. ఆ మాట అమ్మకు రెండుసార్లు చెప్పాను కూడా. అయినా ఆ తెల్లగుడ్డ చూడగానే చేతిలో స్పానరు అలాగే ఆగిపోయింది. అక్క బిందె వంక చూసింది, నా వంక చూసింది, నవ్వింది. గొంగడి తాత మనవరాలు మాత్రం నవ్వలేదు. వంగి ఆ గుడ్డ ముడి ఒకసారి సవరించింది.

ముప్పై మూడేళ్లవాడు జ్ఞాపకాలు రాయడమేమిటని పెద్దవాళ్లు నవ్వుకోవచ్చు. కానీ బటన్ల ఫోనులో బ్యాలెన్సు చూసుకుని మాట్లాడిన మా ఈడువాళ్లకు తెలుసు, మన చిన్నతనం ఎంత తొందరగా పాతబడిపోయిందో. మేం చూసినవి కొన్ని ఇప్పటి పిల్లలకు చెబితే, ముందు నీళ్ల సంగతి చెప్పి, ఆ తరువాత అసలు సంగతికి రావలసి వస్తుంది. ఇక్కడా అంతే.

మాది గద్వాల అవతల గట్టు అనే ఊరి దగ్గర ఒక మెట్ట పల్లె. ఇంకాస్త పడమరకు నడిస్తే కన్నడం వినిపిస్తుంది. ఊళ్లో బోర్లు ఉండేవి, వాటిలో నీళ్లూ ఉండేవి, కానీ ఆ నీళ్లలో పప్పు ఉడికేది కాదు. పొద్దున పొయ్యి మీద పెట్టిన కందిపప్పు మధ్యాహ్నానికీ పలుకుపలుకుగానే మిగిలేది, కాగు లోపల మాత్రం సున్నం వేసినట్లు తెల్లటి పెచ్చు కట్టేది. తాగడానికీ స్నానానికీ ఆ ఉప్పు నీళ్లకే అలవాటు పడ్డాం గానీ, పప్పుకు మాత్రం ఊరికి దూరంగా వాగు ఒడ్డున ఉన్న ఒక పాత బావి నుంచి తీపి నీళ్లు మోసుకు రావలసిందే. ఎండాకాలం ఆ బావిలో ఊట తప్ప నీళ్లుండవు. ఆడవాళ్లు లోపలికి దిగి గిన్నెతో తోడి బిందె నింపుకోవాలి. అందుకని వంతులు పెట్టుకున్నారు. ఒక్కో ఇంటికి వారానికి రెండు బిందెలు. వాటిని పప్పు నీళ్లు అనేవాళ్లు. ఏ ఇంట్లో చూసినా మూతికి తెల్లగుడ్డ కట్టి, దేవుని గూటి కింద పెట్టి ఉండేవి. పిల్లలం దాహమని వాటిలో గ్లాసు ముంచితే, అమ్మ చేతిలో ఏది ఉంటే అది వచ్చి మా వీపు మీద పడేది.

నీళ్ల గురించి ఇంకొక ఆచారం మా నాన్నది. పొద్దున తోడిన మొదటి బిందె ఎడ్లకు. మనుషులు ముఖం కడుక్కోవడం కూడా ఆ తరువాతే. ఆయన తండ్రి చేసిందీ అదే. వానలు వరసగా మొండికేసిన కాలంలో ఎడ్లను అమ్మి, కొన్నాళ్లు కొట్టం వంక చూడకుండా తిరిగి, చివరకు పెండ్లిళ్లకూ దవాఖాన కిరాయిలకూ నడుపుతానని ఒక పాత తెల్ల డీజిల్ కారు కొని తెచ్చి దాన్ని కొట్టంలోనే కట్టేశాడు. కట్టేశాడనే మా ఇంట్లో అనేవాళ్లు. ఆ మరునాటి పొద్దున నుంచి మొదటి బిందె కారుది. బానెట్ ఎత్తి, రేడియేటర్ మూత తీసి, లోపల ఉన్నా లేకున్నా కొన్ని నీళ్లు పోసి, పొంగి కిందికి కారాక మూత బిగించి, బానెట్ మీద రెండుసార్లు తట్టి అప్పుడు వేపపుల్ల నోట్లో పెట్టుకునేవాడు. పోసినవి బోరు నీళ్లు.

ఇక అక్క సంగతి. పదో తరగతి పాసయ్యాక అక్క రెండేళ్లు ఇంట్లోనే ఉంది. చదువు వద్దని ఎవరూ అనలేదు. గద్వాల కాలేజీకి పోయే వేళకు బస్సు లేదు, అంతే. మా ఊరి బస్సు ఎండ ఎక్కాక వచ్చేది. కారు వచ్చిన తరువాత కోతలైపోయిన చేలల్లో నాన్న అక్కకు స్టీరింగ్ నేర్పాడు, ఎడ్లను మలిపినట్లే మలపమని చెప్పి. పద్దెనిమిది నిండగానే లైసెన్సు వచ్చింది. అప్పుడు అక్క చేసిన పని, ఇప్పుడు తలుచుకున్నా నాకు ఆశ్చర్యమే: తనలాగే ఆగిపోయిన ఆడపిల్లల ఇళ్లకు తిరిగి, నేను కాలేజీలో చేరుతున్నా, కారు నేనే నడుపుతా, మీ పిల్లను పంపండి అని అడిగింది. ఐదుగురు వచ్చారు. ఇద్దరు అక్క తోటివాళ్లు, ముగ్గురు చిన్నవాళ్లు. డీజిలు ఖర్చు అందరూ పంచుకునేవాళ్లు. అలా రెండేళ్లు నడిచింది. నేను ఆ రోజుల్లో వనపర్తిలో పాలిటెక్నిక్ చదువుతూ, హాస్టలు గదిలో ఇంజను బొమ్మలు గీసుకుంటూ ఉండేవాణ్ణి.

ఆ రెండో ఏడు పరీక్షల ముందు నేను సెలవుకు ఇంటికి వచ్చిన రోజు సాయంత్రమే కారు ఊరికి ఇవతలి గుట్ట ఎక్కుతూ ఆవిర్లు కక్కి ఆగిపోయింది. అది శనివారం. సోమవారం మొదటి పరీక్ష. ఆరుగురూ పుస్తకాలు పట్టుకుని నడుచుకుంటూ ఇల్లు చేరారు. కారును ఒక ట్రాక్టరుకు తాడు కట్టి ఇంటికి లాక్కొచ్చాం. గద్వాలలో రేడియేటర్లు అతికే ఆయనకు ఫోను చేస్తే, జాతరకు వెళ్లాను, బుధవారం చూద్దామన్నాడు.

మిగతా నలుగురిని ఎలాగో ఒకలాగ పంపడానికి ఇళ్లల్లో ఒప్పుకున్నారు. తండ్రులో అన్నలో పొద్దున్నే రోడ్డు దాకా నడిపించి, వచ్చిన ఆటో ఎక్కిస్తామన్నారు. గొంగడి తాత మాత్రం ఒప్పుకోలేదు. ఆయన కొడుకూ కోడలూ పుణెలో కట్టడాల పనికి పోయి ఉన్నారు. పిల్లను కూడా తీసుకుపోతామంటే, మన ఊరి పిల్ల నడిపే కారు ఉంది కదా అని తాత తన దగ్గర ఉంచుకున్నాడు. ఆ ఒక్క నమ్మకం మీదే ఆమె చదువు నిలబడింది. శనివారం చీకటి పడకముందే వచ్చి మా గడపలో నిలబడి, ఎండాకాలమైనా భుజం దిగని ఆ గొంగడి సర్దుకుంటూ ఆయన అన్న మాటలు నాకు బాగా గుర్తు.

“సూడు బిడ్డా, కారుంటే పరీచ్చ. ఎవడో తెల్వనోని ఆటోల నేను పంప. సోమారం కారు రాకుంటే, పిల్లను దాని అమ్మానాయిన కాడికి తోల్త. ఆడ పనన్న జేస్తది.”

“వస్తది తాతా. నీ ఇంటి ముందుకే వస్తది,” అంది అక్క.

“రాకుంటే?”

“రాకుంటే నీ మనవరాలిని నేనే ఎత్తుకొని పోత. నువ్వు నా పుస్తకాలు పట్టుకొని ఎనక నడువు.”

తాత నవ్వలేదు. నవ్వితే మాకు కొంచెం ధైర్యంగా ఉండేదేమో.

ఆ సాయంత్రమే నాన్న రాజోలిలో ఉన్న మా మేనమామకు ఫోను చేశాడు. మామ ట్రాక్టర్ల మీద తిరిగే మనిషి, ఎవరి దొడ్లో ఏ సామాను పడి ఉందో ఆయనకు తెలుసు. ఆదివారం పొద్దున మోటారు సైకిలు వెనక, చీరలో చుట్టి, పసిపిల్లను తెచ్చినట్లు ఒక రేడియేటర్ తెచ్చాడు. మా కారులాంటిదే ఒకటి లారీ వెనక నుంచి గుద్దగా మూలపడిందట, దాని ముందు భాగానికి దెబ్బ తగల్లేదట. పాతదే, కానీ లోపల శుభ్రంగా ఉంది. ఇక దాన్ని బిగించాలి. ఇంట్లోనే, ఆ పూటే, చేతనైనవాళ్లంటూ ఎవరూ లేకుండా. నేను బొమ్మలో రేడియేటర్‌ను చాలాసార్లు విప్పాను. చేతితో అదే మొదలు.

బ్యాటరీ తీగ తీసి, కింద ఇనుప తట్ట పెట్టి, నీళ్లు వదిలే చిన్న నల్లా తిప్పితే అది కదల్లేదు. పెచ్చు కట్టి బిగుసుకుపోయింది. చివరకు కింది పైపు క్లిప్పు వదులు చేసి లాగాను. భళ్లున దూకిన నీళ్లు పచ్చగా ఉన్నాయి. కూలెంట్ పచ్చ కాదు, పసుపు పచ్చ.

“ఏంది బావా, కారుకు పెండ్లి జేస్తున్నవా? నలుగు బెట్టినవు!” అన్నాడు మామ.

“నలుగు గాదు, మందు,” అన్నాడు నాన్న కొంచెం కోపంగా. “కారుతుంటే పసుపేస్తే అతుకుతదన్నరు. ఏసిన.”

“అందుకేనా నా డబ్బల పసుపు సగానికొచ్చె! నేను ఎలుకలనుకుంటి!” అని వంటింట్లో నుంచి అమ్మ.

అక్కతో పాటు మామ, నేను, ఆ గొడవలో నవ్వుకుంటూనే పని సాగించాం. పై పైపు తీశాం. ఫ్యాను రెక్కలు తగిలి సన్నటి రేకులు వంగకుండా మధ్యలో సబ్బుల పెట్టె అట్ట దూర్చాం. బోల్టులు విప్పి, అక్క ఒక పక్క నేను ఒక పక్క పట్టుకుని, నిటారుగా పైకి లాగి బయట పెట్టాం. తరువాత నేను పై మూతి లోపలికి వేలు పెట్టి చూశాను. వేలు సగమే పోయింది. మిగతా అంతా తెల్లటి పెచ్చు, రాయిలా. నీళ్లు పారవలసిన గొట్టాలు చాలా వరకు మూసుకుపోయి ఉన్నాయి. ఒక ముక్క ఊడదీసి అరచేతిలో పెట్టుకుంటే ఇంట్లో అందరికీ తెలిసిన వస్తువే అది. అమ్మ వచ్చి గోరుతో గీకి చూసి, మన కాగులదే గదా ఇది అంది.

నాన్న చేతిలో స్పానరు కింద పెట్టి పక్కకు జరిగాడు. కొట్టంలో ఎడ్లను కట్టిన గుంజ ఇంకా అలాగే ఉండేది. దాని మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు.

“నేనే పోసిన గదరా, రోజూ,” అన్నాడు.

పుస్తకంలో దానికి జవాబు ఉంది. ఆ జవాబు పక్కన పెట్టాను. “కారుతున్నదానికి నువ్వు పొయ్యకుంటే ఎన్నడో ఆగిపోతుండె నాయినా,” అన్నాను. అదీ నిజమే. ఆయన నమ్మాడో లేదో తెలియదు గానీ, మళ్లీ వచ్చి స్పానరు అందించడం మొదలుపెట్టాడు.

మామ తెచ్చినదాన్ని కూర్చోబెడితే రెండు తగాదాలు వచ్చాయి. ఒకటి, బోల్టు కన్నాలకూ కారు చట్రానికీ మధ్య వేలెడు సందు. దానికి నాన్నే ఎడ్లబండి పాత టైరు ముక్క తెచ్చి, కత్తితో గుండ్రంగా కోసి, మధ్యలో కన్నం పెట్టి ఇచ్చాడు. రెండు, దాని కింది మూతి కొంచెం లావు, మా రబ్బరు పైపు దాని మీదికి ఎక్కదు. మామ గద్వాలకు పోదామన్నాడు, ఆదివారం ఏ దుకాణం ఉంటుందని అక్క అంది, ఇద్దరూ వాదించుకుంటూ ఉండగా నేను పైపు కొసను పొయ్యి మీద మరుగుతున్న నీళ్లలో ముంచి పట్టుకున్నాను. వేడికి రబ్బరు మెత్తబడుతుందని ల్యాబులో చూసిన గుర్తు. మెత్తబడింది. గుడ్డతో పట్టుకుని తిప్పుతూ తోస్తే ఎక్కింది. నా చదువు మా ఇంట్లో కళ్లకు కనబడిన మొదటి సందర్భం అదే అనుకుంటాను. మామ నా వీపు మీద కొట్టిన దెబ్బ పప్పు నీళ్ల దెబ్బ కన్నా గట్టిగా తగిలింది.

పైపులు బిగిశాయి, క్లిప్పులు బిగిశాయి. అప్పుడు నాన్న, అలవాటు కొద్దీ, బోరు దగ్గరికి పోయి నిండు బకెట్టుతో వచ్చాడు. వచ్చి, రేడియేటర్ దాకా పోకుండా, నడుమనే ఆగిపోయాడు. అందరం ఆ బకెట్టు వంక చూశాం. ఆ నీళ్లు పోయకూడదని అందరికీ తెలుసు. మరి ఏ నీళ్లు పోయాలో కూడా తెలుసు. ఎవరూ అనలేదు, అమ్మ ఇంట్లో ఉంది కనుక.

నేనే అడిగాను.

“ఓరి, నీ కారు పప్పు తింటదారా?” అంది అమ్మ. “వారం దినాల నీళ్లు గవి. నిన్న బాయిల దిగి, మోకాళ్లు పట్టుకపోంగ తోడుకొచ్చిన. వానలు పడేదాక మల్ల గిన్ని దొరుకుతయో లేదో!”

“ఒక్క బిందె సాలు అమ్మా.”

“లోపట కడగొద్దా? ఒక్కదానితోని ఏమైతది?” అన్నది అక్క కాదు, నాన్న కాదు, అమ్మే. చెప్పి, లోపలికి పోయి, రెండు బిందెలూ ఒకదాని తరువాత ఒకటి తెచ్చి ముందు చక్రం పక్కన పెట్టింది. తెల్లగుడ్డల ముళ్లు తానే విప్పింది. “పొయ్యిండ్రి. పిల్లలకు పరీచ్చ. పప్పు లేకుంటే పచ్చిపులుసు తిందురు తియ్యి.”

ఒక బిందె కడగడానికి పోయింది, పసుపు రంగు పూర్తిగా పోయేదాకా. రెండోది నింపడానికి. మూత తెరిచే ఉంచి ఇంజను నడిపితే బుడగలు వచ్చాయి, నీళ్లు దిగాయి, మళ్లీ పోశాం, మళ్లీ దిగాయి. చుక్క కింద పడకుండా అమ్మ చెంబుతో తానే పోసింది. మా చేతికి ఇవ్వలేదు. పై పైపు వేడెక్కింది, కాసేపటికి కింది పైపూ వేడెక్కింది. నీళ్లు తిరుగుతున్నాయన్నమాట. మూత బిగించాం.

పొద్దు వాలుతుండగా నిన్న ఆగిన గుట్ట మీదికే బయలుదేరాం. అక్క స్టీరింగ్ ముందు, పక్కన నేను, వెనక నాన్న, మామ. అక్క కళ్లు రోడ్డు మీదే పెట్టి, మలుపు మలుపుకూ ఒకటే అడుగుతోంది, ఇంజను వేడి హద్దు దాటితే నడుమ నుంచి పైకి పోయే ముల్లు గురించి.

“ముల్లు ఏడుంది?”

“నడుమ.”

“ఇప్పుడు?”

“నడుమనే.”

“సక్కగ సూసి చెప్పు, నిద్రపోతున్నవా?”

“నడుమనే అంటున్న గదా!”

గుట్ట పైకి వచ్చాక అక్క కారు ఆపి దిగింది. మేమంతా దిగాం. కింద మా ఊరు, వాగు గీత, ఎండిన చేలు. నాన్న బానెట్ మీద రెండుసార్లు తట్టాడు.

సోమవారం పొద్దున కారు అందరికన్నా ముందు గొంగడి తాత ఇంటి ముందే ఆగింది. నేను వెళ్లలేదు, ఆరుగురికే చోటు. మధ్యాహ్నం దాకా నాన్న ఊరి మొదట్లో కల్వర్టు మీద కూర్చున్నాడు, పక్కన ఆ తాత. ఎండ నెత్తి మీదికి వచ్చాక కారు కనబడింది, మొన్న శనివారం ఆగిన చోట ఆగకుండా, హారను కొట్టుకుంటూ. మనవరాలు దిగగానే పరీక్ష ఎట్లా రాశావని తాత అడగలేదు. అక్క వైపు తిరిగి, ఆదివారం నుంచి ఊరంతా పాకిన ప్రశ్నే అడిగాడు.

“ముల్లు నడుమనే ఉండెనా బిడ్డా?”

ఆ తరువాత పరీక్షలన్నీ అలాగే జరిగాయి, ఆరుగురూ పాసయ్యారు. మా ఇంట్లో మాత్రం ఆ వారమంతా పచ్చిపులుసే. నాన్నకు ఇక రోజూ పోసే పని లేదు. అది ఆయనకు కష్టమనిపించింది, మాకు తెలుస్తూనే ఉంది. అందుకని రేడియేటర్ పక్కనున్న చిన్న సీసా మీద అక్క తన గోళ్ల రంగుతో ఒక ఎర్ర గీత గీసి, నాయినా, రోజూ పొద్దున నీళ్లు ఈ గీత కాడ ఉన్నయా లేవా సూసి చెప్పు అంది. ఆ కారు ఉన్నన్నాళ్లూ ఆయన ముఖం కడగకముందే వంగి చూసి, ఉన్నయి అని గట్టిగా చెప్పేవాడు. ఎవరికి చెప్పేవాడో మేం అడగలేదు.

ఇప్పుడు మా ఊళ్లో నల్లా తిప్పితే కృష్ణ నీళ్లు వస్తున్నాయి. ఏ నీళ్లలోనైనా పప్పు ఉడుకుతుంది. వాగు ఒడ్డు బావిలోకి దిగే మెట్లు ముళ్లచెట్లు మూసేశాయి. పొద్దున బస్సు ఉంది, దానిలో ఆడపిల్లలే ఎక్కువ. ఇవన్నీ మంచివే, ఒక్కటి కూడా వెనక్కి పోవాలని నేను కోరుకోను. నేను బతికేదే ఎత్తిపోతల పంపులకు మరమ్మతులు చేసి. అయినా ఒక్కోసారి అనిపిస్తుంది, ఒక కారు కదలాలంటే ఇంట్లో నలుగురూ తలా ఒకటి వదులుకోవలసి వచ్చిన రోజుల్లో ఆ కారు మా అందరిదీ ఎలా అయిందో, డబ్బాలో కలిపి వచ్చే కూలెంట్‌తో అలా అవుతుందా అని. పొద్దున తోడిన మొదటి బిందె ఎవరికో ఒకరికి ఇచ్చి, ఆ తరువాతే మన ముఖం కడుక్కోవడమనే మాట ఇప్పుడెవరికైనా చెబితే, ఎందుకు అని అడుగుతారు.

పోయిన ఆదివారం వ్యాను పని త్వరగానే అయిపోయింది. కొత్త రేడియేటర్ కన్నాలన్నీ చట్రం కన్నాలతో సరిగ్గా కుదిరాయి, పైపును మరిగే నీళ్లలో ముంచే పని పడలేదు. నాన్న కుర్చీలోంచి లేచి వచ్చి, కూలెంట్ సీసా మీద కంపెనీవాళ్లే గీసిన గీతను వంగి చూసి, ఉన్నయి అన్నాడు. అక్క వ్యానును వీధి చివరిదాకా నడిపి తెచ్చింది. తెల్లగుడ్డ కట్టిన బిందె చక్రం పక్కన అలాగే ఉండిపోయింది. గొంగడి తాత మనవరాలు దాన్ని ఎత్తి చంకన పెట్టుకుని, “అత్తా, ఇంక కారుకు వద్దంట. నేను పొయ్యి మీద పెడుత,” అంటూ వంటింట్లోకి పోయింది.

ఆ నీళ్లతో పప్పు వండుకున్నాం. తిన్నవాళ్లం ఐదుగురం.